వెంట్రుక కుదురులో పుట్టే కంతులు



కంప్లి పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ, తుంగభద్ర కాలువల కింద వెలసిన క్యాంపుల్లోనూ ఈ ప్రసంగం వింటున్న అక్కలకు, అన్నలకు, పెద్దలకు ఒక చిన్న ప్రశ్న. తల దువ్వుకుంటూ ఉంటే దువ్వెన పళ్లకు ఏదో గట్టిగా తగులుతున్నదని మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన తర్వాత, నున్నని తల మీద ఇంతకాలం జుట్టు చాటున దాగి ఉన్న ఒక ఉబ్బు బయటపడిందా? పసిబిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించిన రోజున, నెత్తి మీద ఒక చోట వెంట్రుకలే మొలవని పసుపుపచ్చని మచ్చ కనిపించిందా?

ఇటువంటి ఉబ్బును మనం కంతి అంటాం. కొందరు గడ్డ అంటారు. పక్కింటి కన్నడిగులు గంటు అంటారు. ఏ పేరుతో పిలిచినా దాన్ని చూసిన ఇంట్లో రెండే జరుగుతూ ఉంటాయి. కొందరు భయపడిపోతారు. ఎవరో చెప్పారని సున్నం పెడతారు, నల్లజీడి రసం పూస్తారు, కాల్చిన ఇనుముతో వాత పెట్టిస్తారు, దారంతో బిగించి కట్టి రాలిపోతుందని ఎదురుచూస్తారు. మరికొందరు అసలు పట్టించుకోరు. నొప్పి లేదు కదా అని పదేళ్లయినా మోస్తూనే ఉంటారు. ఈ రెండు దారులూ సరైనవి కావు.

ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. కంతి మంచిదా చెడ్డదా అన్న సంగతి దాని పరిమాణాన్ని బట్టి గానీ, నొప్పిని బట్టి గానీ, గట్టిదనాన్ని బట్టి గానీ తేలదు. అది ఏ కణంలో పుట్టింది, ఆ కణం ఏ దారి పట్టింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. అది మన కంటికి కనిపించే విషయం కాదు. అందుకే తీసిన కంతిని పారవేయకూడదు, పరీక్షకు పంపాలి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే ముందుగా వెంట్రుక ఎలా పుడుతుందో కొంచెం తెలుసుకోవాలి.

మన చర్మంలోకి నిలువుగా దిగిన సన్నని సంచి వంటి నిర్మాణం ఒకటి ఉంటుంది. దాన్ని వెంట్రుక కుదురు అంటాం. ఒక మనిషి ఒంటి మీద ఇటువంటి కుదుళ్లు సుమారు 50 లక్షలు ఉంటాయి. అందులో తల మీద ఉండేవి లక్షకు అటూ ఇటూ. అరచేతుల్లో, అరికాళ్లలో తప్ప దాదాపు ఒళ్లంతా ఇవి ఉంటాయి. మనకు నున్నగా కనిపించే నుదుటి మీద, ముక్కు మీద కూడా సన్నని నూగు వెంట్రుకల కుదుళ్లు ఉంటాయి.

ఈ కుదురుకు అట్టడుగున ఉల్లిగడ్డ ఆకారంలో ఒక భాగం ఉంటుంది. అక్కడ ఉండే కణాలు రాత్రింబగళ్లు చీలుతూ పైకి నెట్టుకుంటూ వస్తాయి. పైకి వచ్చే కొద్దీ అవి కెరటిన్ అనే గట్టి పదార్థంతో నిండి, లోపలి కేంద్రకాన్ని పోగొట్టుకుని, ప్రాణం లేని పోగుగా మారిపోతాయి. ఆ పోగే వెంట్రుక. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మన శరీరంలో అత్యంత వేగంగా చీలే కణాల్లో ఈ అడుగు కణాలు కూడా ఉన్నాయి. క్యాన్సరుకు మందులు ఎక్కించుకున్నవారికి జుట్టు ఊడిపోవడం మీరు చూసే ఉంటారు. వేగంగా చీలే కణాలను చంపే ఆ మందులు ఈ అడుగు కణాలను కూడా దెబ్బతీయడమే దానికి కారణం.

అడుగు నుండి పైకి వచ్చే దారిలో వెంట్రుకను చుట్టి రెండు తొడుగులు ఉంటాయి, లోపలి తొడుగు, బయటి తొడుగు అని. కొంచెం పైన నూనె గ్రంథి అతుక్కుని ఉంటుంది. చలికి రోమాలు నిక్కపొడుచుకున్నప్పుడు వెంట్రుకను లాగే చిన్న కండరం ఒకటుంది. అది కుదురుకు అంటుకునే చోట బయటి తొడుగు కాస్త ఉబ్బి ఉంటుంది. ఈ చిన్న ఉబ్బును గుర్తు పెట్టుకోండి.

వెంట్రుక ఎప్పుడూ ఒకే తీరుగా పెరగదు. మన పొలానికి పంటకాలం, బీడుకాలం ఉన్నట్టే దానికీ కాలాలున్నాయి. తల వెంట్రుక రెండేళ్ల నుండి ఆరేళ్ల దాకా పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో కుదురు అడుగుభాగం కుంచించుకుపోతుంది. ఆపైన సుమారు మూడు నెలలు విశ్రాంతి. పాత వెంట్రుక రాలిపోతుంది, అదే కుదురు మళ్లీ దిగి కొత్త వెంట్రుకను మొలిపిస్తుంది. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలినా తల బోడి కాకపోవడానికి కారణం ఇదే.

మరి ప్రతిసారీ కొత్త పంటకు విత్తనం ఎక్కడి నుండి వస్తుంది? చాలాకాలం శాస్త్రజ్ఞులు ఆ విత్తనం అట్టడుగునే ఉందని అనుకున్నారు. 1990లో అమెరికాలో జార్జ్ కాట్సారెలిస్, తుంగ్-టియెన్ సున్, రాబర్ట్ లావ్కర్ అనే ముగ్గురు ఎలుకల చర్మంలో కణాలకు గుర్తు పెట్టి చూశారు. వేగంగా చీలే కణంలో ఆ గుర్తు త్వరగా పలచబడి పోతుంది. నెమ్మదిగా చీలే కణంలో మాత్రం నిలిచి ఉంటుంది. గుర్తు నిలిచి ఉన్న కణాలు అడుగున కాదు, ఇందాక మనం చెప్పుకున్న ఉబ్బులో కనిపించాయి. వీటినే మూలకణాలు అంటారు. రైతు ఇంట్లో విత్తనాల గాదె ఉన్నట్టు, కుదురులో ఇది విత్తనాల గాదె అన్నమాట.

గాదెలో ఉన్న విత్తనాలు తమంతట తాము మొలకెత్తవు. నీరు తగలాలి, అదును రావాలి. మూలకణాలకు కూడా పక్కనున్న కణాలు రసాయనాల రూపంలో కబురు పంపుతాయి. మొలకెత్తు అని ఒక కబురు, ఆగు అని ఒక కబురు. ఆ కబుర్లు సక్రమంగా అందుతున్నంత కాలం వెంట్రుక పెరుగుతుంది, ఆగుతుంది, రాలుతుంది, మళ్లీ మొలుస్తుంది. కణం లోపలి జన్యువు చెడి, ఆగు అన్న మాట వినిపించని స్థితి వచ్చిందనుకోండి. కాలువ తూము తలుపు విరిగి, అడిగినా అడగకపోయినా నీళ్లు పారుతూనే ఉన్నట్టు ఆ కణం చీలుతూనే ఉంటుంది. అలా పోగుపడినదే కంతి.

తల మీద కనిపించే ప్రతి ఉబ్బూ వెంట్రుక కుదురులో పుట్టినదే అనుకోవద్దు. కొవ్వు గడ్డలు ఉన్నాయి, చీము గడ్డలు ఉన్నాయి, పులిపిరులు ఉన్నాయి. వాటి సంగతి వేరు. కుదురులోనే పుట్టే కంతుల్లో మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే కొన్నింటిని ఇప్పుడు చెబుతాను.

మొదటిది నడివయసు వచ్చిన ఆడవాళ్ల తల మీద తరచుగా కనిపించే నున్నని కంతి. వేలితో నొక్కితే గట్టిగా, గోలీకాయలా తగులుతుంది. నొప్పి ఉండదు. ఒక్కొక్కరికి నాలుగైదు కూడా ఉంటాయి. మా అమ్మకు ఉండేది, మా అమ్మమ్మకు ఉండేది అని చెబుతుంటారు. ఆ మాటలో నిజం ఉంది. ఇది చాలా కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. కుదురు బయటి తొడుగు కణాల నుండి ఏర్పడిన తిత్తి ఇది. లోపల తెల్లని ముద్దలాంటి కెరటిన్ ఉంటుంది. చాలావరకు నిరపాయకరం. అయితే చాలా అరుదుగా వృద్ధుల్లో ఇది పెద్దదై, పగిలి, పుండులా మారుతుంది. అలాంటి వాటిలో కొన్నింటి గుణం చెడ్డదిగా మారవచ్చు. అందుకే ఏళ్ల తరబడి కదలక మెదలక ఉన్న కంతి ఉన్నట్టుండి పెరగడం మొదలుపెడితే ఊరుకోకూడదు.

రెండవది పిల్లల్లో వచ్చేది. చెంప మీద, మెడ మీద, జబ్బ మీద, కనుబొమ దగ్గర చర్మం కింద ఒక రాయి ముక్క ఇరుక్కున్నట్టు ఉంటుంది. తల్లిదండ్రులు చాలా కంగారు పడతారు, ఇంత గట్టిగా ఉందంటే ఏమిటో అని. 1880లో మాల్హెర్బ్ అనే ఫ్రెంచి వైద్యుడు సహచరునితో కలిసి దీన్ని వర్ణించాడు. లోపల సున్నం పేరుకుని ఉండడం చూసి, ఇది నూనె గ్రంథిలో పుట్టిందని అనుకున్నాడు. 1961లో ఫోర్బిస్, హెల్విగ్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ఇది వెంట్రుకను తయారుచేసే అడుగు కణాల నుండి పుట్టిందని తేల్చి, పైలోమేట్రిక్సోమా అని పేరు పెట్టారు.

ఈ కంతిని కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక విచిత్రం కనిపిస్తుంది. అందులోని కణాలు తమ పని మరిచిపోవు. వెంట్రుకగా మారాలని ప్రయత్నిస్తూనే ఉంటాయి. కెరటిన్‌తో నిండుతాయి, కేంద్రకాన్ని పోగొట్టుకుంటాయి. కాని వెంట్రుకగా బయటికి వచ్చే దారి లేక అక్కడే కుప్పపడతాయి. కేంద్రకం ఉండవలసిన చోట ఖాళీ మాత్రమే మిగిలిన ఈ కణాలను వైద్యులు నీడ కణాలు అంటారు. ఆ నీడ కణాల మీద సున్నం పేరుకునే సరికి కంతి రాయిలా గట్టిపడుతుంది. అంటే ఈ కంతిలో గట్టిదనం ప్రమాదానికి గుర్తు కాదు.

దీని మూలం కూడా తెలిసింది. 1998లో షికాగోలో ఇలైన్ ఫుక్స్ బృందం, కుదుళ్లను పుట్టించే కబురును మోసే బీటా కెటెనిన్ అనే ప్రోటీను ఎలుకల చర్మంలో నిరంతరం పనిచేసేటట్టు చేసింది. ఆ ఎలుకలకు లేని చోట కొత్త కుదుళ్లు మొలిచాయి. వయసు పెరిగే కొద్దీ కంతులు కూడా వచ్చాయి. మరుసటి ఏడు, 1999లో, మనుషుల నుండి తీసిన ఈ కంతులను పరీక్షిస్తే కనీసం నాలుగింట మూడు వంతుల వాటిలో అదే ప్రోటీను జన్యువులో లోపం కనిపించింది. వెంట్రుకను పుట్టించే కబురే, ఆగకుండా మోగుతూ ఉంటే కంతిని పుట్టిస్తుందన్నమాట. ఈ కంతిని పూర్తిగా తీసివేస్తే చాలావరకు మళ్లీ రాదు.

మూడవ రకం ముఖం మీద కనిపిస్తుంది. ముక్కు పక్కల, పెదవి పైన, నుదుటి మీద చర్మం రంగులోనే ఉండే చిన్న చిన్న బొడిపెలు. యుక్తవయసులో మొదలై నెమ్మదిగా ఎక్కువవుతాయి. పెళ్లికి ఎదిగిన ఆడపిల్లలు వీటి వల్ల నలుగురిలోకి రావడానికే వెనుకాడతారు. మొటిమలని పొరబడి రకరకాల పూతలు పూస్తారు. ఇవి కూడా కుదురు కణాల నుండి పుట్టినవే. ఇటువంటి కంతులు గుంపుగా వచ్చే కుటుంబాల్లో చాలావాటికి కారణమైన జన్యువును 2000లో కనుగొన్నారు. ఇవి చాలావరకు ప్రమాదకరం కావు. అంటువ్యాధి అంతకంటే కాదు. ఆ పిల్లను దూరం పెట్టవలసిన పని లేదు.

నాలుగవది మొదట్లో చెప్పిన, పసిబిడ్డ నెత్తి మీద వెంట్రుకలు మొలవని పసుపుపచ్చని మచ్చ. పుట్టుకతోనే ఉంటుంది. గ్రహణం పట్టినప్పుడు తల్లి గోక్కున్నదని, దిష్టి తగిలిందని చెప్పుకుంటారు. తల్లి తప్పు ఏమీ లేదు. గర్భంలో చర్మం తయారవుతున్నప్పుడు ఒక కణంలో వచ్చిన మార్పు ఆ కణం సంతానమంతటికీ రావడం వల్ల ఏర్పడిన మచ్చ అది. 1895లో యాడాసోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు దీన్ని వర్ణించాడు. యుక్తవయసు వచ్చేసరికి ఇది మందమై గరుకుగా తయారవుతుంది. పెద్దయిన తర్వాత దాని మీద కొత్త కంతులు పుట్టవచ్చు.

ఈ మచ్చ విషయంలో వైద్యులు కూడా తమ అభిప్రాయాన్ని మార్చుకోవలసి వచ్చింది. దీని మీద తరచుగా క్యాన్సరు పుడుతుందని, కాబట్టి ప్రతి బిడ్డకూ చిన్నతనంలోనే కోసి తీసివేయాలని ఒకప్పుడు చెప్పేవారు. 2000లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బుర్గ్ వైద్యులు తమ దగ్గర భద్రపరచిన 596 మచ్చల పలకలను తిరిగి పరిశీలించారు. నిజమైన క్యాన్సరు నూటికి ఒకటి కంటే తక్కువ వాటిలోనే కనిపించింది. అంతకుముందు క్యాన్సరని పేరు పెట్టిన వాటిలో చాలా భాగం, వెంట్రుక కుదురు మొలక కణాల నుండి పుట్టే నిరపాయకరమైన కంతులని తేలింది. ఆ పలకలు పారవేయకుండా దాచి ఉంచబట్టే ఆ పొరపాటు దిద్దుకోవడం సాధ్యమైంది. ఈనాడు ఇటువంటి మచ్చ ఉన్న బిడ్డను వెంటనే కోతకు పంపకుండా, గమనిస్తూ ఉండి, అవసరమైతే తర్వాత తీయించమని చెప్పే వైద్యులు ఎందరో ఉన్నారు.

ఇంతవరకు చెప్పినవన్నీ చాలావరకు మంచి గుణం గల కంతులు. ఇప్పుడు చెడ్డదాని సంగతి.

1827లో డబ్లిన్‌లో ఆర్థర్ జేకబ్ అనే వైద్యుడు ముఖం మీద, కనురెప్పల దగ్గర వచ్చే ఒక మొండి పుండును వర్ణించాడు. ఎలుక కొరికినట్టు కొంచెం కొంచెంగా కండను, ఎముకను కూడా తినివేసే పుండు కాబట్టి ఇంగ్లీషువారు దానికి ఎలుక పుండు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఈనాడు దాన్ని బేసల్ సెల్ కార్సినోమా అంటాం. తెల్లజాతి దేశాల్లో అన్ని క్యాన్సర్లలోకీ ఎక్కువగా వచ్చేది ఇదే. ఇది ఒంట్లో ఇతర భాగాలకు పాకడం చాలా అరుదు. కాని పుట్టిన చోట వదలకుండా తవ్వుకుంటూ పోతుంది. ముక్కును, కంటిని, చెవిని పోగొట్టగలదు.

దీనికీ వెంట్రుక కుదురుకూ సంబంధం ఏమిటి? ఆ కథ ఈగతో మొదలవుతుంది. 1980లో క్రిస్టియాన్ న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో హెడ్జ్‌హాగ్ అనే జన్యువును కనుగొన్నారు. హెడ్జ్‌హాగ్ అంటే ఒంటి నిండా ముళ్లుండే చిన్న జంతువు. ఆ జన్యువు చెడిన ఈగ పిల్ల పురుగు ముళ్లతో అలా కనిపించిందట. ఈగల ఎదుగుదల మీద చేసిన కృషికి వారికి, ఎడ్వర్డ్ లూయిస్‌కు కలిపి 1995లో నోబెల్ బహుమానం వచ్చింది. మనిషిలో కూడా అదే కుటుంబానికి చెందిన కబురు ఉంది. గర్భంలో బిడ్డ చర్మం మీద వెంట్రుక కుదురు దిగడానికి అది తప్పనిసరి. ఆ కబురుకు అడ్డుకట్టగా పనిచేసే జన్యువు ప్యాచ్డ్. 1996లో రెండు బృందాలు వేర్వేరుగా, బేసల్ సెల్ కార్సినోమాలో ఈ ప్యాచ్డ్ జన్యువే చెడి ఉంటుందని కనుగొన్నాయి. తూము తలుపు అన్నానే, అదే ఇది.

మరి ఇది కచ్చితంగా ఏ కణంలో పుడుతుంది? దీని మీద శాస్త్రజ్ఞుల మధ్య చాలా చర్చ జరిగింది. 2010లో బెల్జియంలో బ్లాన్‌పేన్ బృందం ఎలుకల మీద పరిశోధించి, ఎక్కువ కంతులు కుదుళ్లకు మధ్యనున్న పైచర్మం కణాల్లోనూ, కుదురు పై మూతి దగ్గరి కణాల్లోనూ పుడుతున్నాయని, ఉబ్బులోని మూలకణాల్లో కాదని చెప్పింది. 2011లో అమెరికాలో ఎప్‌స్టైన్ బృందం ఎలుకలకు ఎక్స్‌రే వంటి కిరణాలు తగిలేటట్టు చేస్తే, అప్పుడు ఉబ్బులోని మూలకణాల నుండే కంతులు పుట్టాయని చూపింది. చూడండి, దెబ్బ ఏ రకంగా తగిలింది అన్నదాన్ని బట్టి కూడా కంతి పుట్టే చోటు మారవచ్చు.

మనుషుల్లో కిరణాల దెబ్బకు సాక్ష్యం ముందే ఉంది. తలలో తామర వచ్చిన పిల్లలకు ఒకప్పుడు ఎక్స్‌రేలతో జుట్టు రాలగొట్టి చికిత్స చేసేవారు. ఇజ్రాయెల్‌లోనూ, అమెరికాలోనూ అలా చికిత్స పొందిన పిల్లలను పెద్దయ్యేవరకు గమనిస్తే, కొన్ని దశాబ్దాల తర్వాత వారిలో తల చర్మపు క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. 1950ల చివర గ్రిసియోఫల్విన్ అనే మాత్ర వచ్చిన తర్వాత ఆ ఎక్స్‌రే చికిత్స వెనుకబడింది.

ఇక ఎండ. మన చర్మంలోని నలుపు మనకు దేవుడిచ్చిన గొడుగు. అందువల్లనే ఈ క్యాన్సరు తెల్లవారితో పోలిస్తే మనకు చాలా తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. నాట్లు, కలుపు, కోతలు అంటూ జీవితమంతా ఎండలో గడిపినవారికి, ముఖ్యంగా ముక్కు మీద, కళ్ల చుట్టూ, చెంపల మీద ఇది రావచ్చు. మన రంగు చర్మంలో ఇది తరచుగా నల్లగా, మెరుస్తూ ఉంటుంది. దాంతో పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. యాభై ఏళ్లు దాటిన తర్వాత కొత్తగా వచ్చిన పుట్టుమచ్చ ఏమిటి అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడగాలి.

నీళ్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఏళ్ల తరబడి ఆర్సెనిక్ అనే విషపదార్థం కలిసిన నీరు తాగితే అరచేతులు, అరికాళ్లు గరుకెక్కి, ఒంటి మీద చుక్కలు వచ్చి, కొందరికి చర్మ క్యాన్సర్లు వస్తాయి. ఇది బెంగాల్‌లో బాగా తెలిసిన విషయం. మన కల్యాణ కర్ణాటకలోనే, యాదగిరి జిల్లాలో పాత బంగారు గనుల ప్రాంతమైన మంగళూరు దగ్గరి కిరదళ్లి తండా బాధ 2013లో వెలువడిన ఒక పరిశోధనలో నమోదైంది. అక్కడ పరీక్షించిన 181 మందిలో సగం కంటే ఎక్కువ మంది చర్మం మీద ఆర్సెనిక్ లక్షణాలు కనిపించాయి. అనుమానం వచ్చిన నలుగురి చర్మం ముక్కలు పరీక్షిస్తే ముగ్గురికి క్యాన్సరు ఉన్నట్టు తేలింది. వెంట్రుకల్లో, గోళ్లలో ఉండే కెరటిన్ ఈ విషాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి వాటిని పరీక్షించే విషం ఒంట్లో చేరిందని తెలుసుకున్నారు. ఈ మాట విని మీ ఊరి బావిని అనుమానించమని కాదు. అరచేతుల్లో గరుకు, ఒంటి మీద చుక్కలు ఇంటిల్లిపాదికీ ఉంటే మాత్రం నీళ్లు పరీక్ష చేయించమని ఆరోగ్య శాఖ వారిని అడగండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ముక్కు పక్కన ఒక బొడిపె ఉంది. అది నేను చెప్పిన మూడవ రకం మంచి కంతి కావచ్చు. బేసల్ సెల్ కార్సినోమా కూడా కావచ్చు. రెండూ ఒకే జాతి కణాల నుండి, ఇంచుమించు ఒకే కబురు చెడి పుట్టినవి కాబట్టి చూడడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద కూడా అనుభవం గల వైద్యులే ఒక్కోసారి ఆలోచించవలసి వస్తుంది. అటువంటప్పుడు వాత పెట్టేవాడు చూసి చెప్పగలడా? కాల్చివేస్తే పైన మాడిపోతుంది, అడుగున వేరు మిగిలిపోతుంది. మచ్చ కింద అది కనిపించకుండా పెరుగుతుంది. ఏ కణమో తెలుసుకునే సాక్ష్యం కూడా బూడిదైపోతుంది.

కాబట్టి కంతిని తీయించుకునేటప్పుడు ఆ వైద్యుణ్ణి ఒక మాట అడగండి. డాక్టరుగారూ, దీన్ని ముక్క పరీక్షకు పంపుతారా అని. దీన్నే బయాప్సీ అంటారు. బయాప్సీ చేస్తే క్యాన్సరు కదిలి ఒళ్లంతా పాకుతుందని మనవాళ్లలో ఒక భయం ఉంది. చర్మం మీది ఇటువంటి కంతుల విషయంలో ఆ భయం పెట్టుకోనక్కరలేదు. తీసిన కంతిని ఫార్మలిన్ అనే ద్రవం ఉన్న సీసాలో వేసి, పేరు, వయసు, ఒంట్లో ఏ భాగం నుండి తీశారో రాసి పంపాలి. ఉత్త నీళ్లలో గానీ, పొడి గుడ్డలో గానీ చుట్టి తీసుకుపోతే ముక్క చెడిపోతుంది, ఆ శ్రమ వృథా అవుతుంది. చాలాసార్లు సీసాను ప్రయోగశాలకు మోసుకుపోయే పని రోగి బంధువులకే పడుతుంది. దాన్ని సంచిలో మరిచిపోకండి.

కంప్లి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుంటే అవసరమైతే బళ్లారికి పంపుతారు. మనమంతా విమ్స్ అని పిలుచుకునే బళ్లారి వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం, ముక్క పరీక్ష చేసే విభాగం రెండూ ఉన్నాయి. క్యాన్సరని తేలితే బెంగుళూరులో కిద్వాయి సంస్థ ఉంది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా ముందు చేసిన పరీక్ష కాగితం వెంట తీసుకువెళ్లండి. ఆ కంతి నుండి తయారుచేసిన గాజు పలకలను, మైనపు దిమ్మను ప్రయోగశాలలో భద్రపరుస్తారు. అవసరమైతే అడిగి తీసుకుని మరొక వైద్యునికి చూపవచ్చు. మళ్లీ కోయించుకోవలసిన పని తప్పవచ్చు.

పరీక్ష కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. చదువుకున్న పిల్లవాడు చదివి, చివర ఓమా అని ఉంది, అంటే క్యాన్సరే అని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఓమా అంటే కంతి అని మాత్రమే అర్థం. పైలోమేట్రిక్సోమా మంచి కంతే, లైపోమా అంటే కొవ్వు గడ్డే. కార్సినోమా అని ఉంటే అది క్యాన్సరు. మెలనోమా, లింఫోమా వంటివి కూడా క్యాన్సర్లే. కాబట్టి మాట చివరి అక్షరాలను చూసి సొంతంగా తీర్పు చెప్పుకోకుండా, కాగితం ఇచ్చిన వైద్యుని చేతనే వివరం చెప్పించుకోండి. కన్నడంలో చెబితే అర్థం కాలేదనిపిస్తే తెలుగులో చెప్పమని మొహమాటం లేకుండా అడగండి. మన జిల్లాలో రెండు భాషలూ వచ్చినవారు ప్రతి ఆసుపత్రిలోనూ ఎవరో ఒకరు దొరుకుతారు.

త్వరపడి చూపించుకోవలసిన లక్షణాలు చెబుతాను, వీలైతే రాసుకోండి. నాలుగు వారాలైనా మానని పుండు. మానినట్టే ఉండి మళ్లీ మళ్లీ రక్తం కారే బొడిపె. కొన్ని వారాల్లోనే వేగంగా పెరిగిన కంతి. అంచులు ముత్యంలా మెరుస్తూ మధ్యలో గుంట పడిన నల్లని మచ్చ. కనురెప్ప మీద, ముక్కు మీద, చెవి మీద వచ్చిన కొత్త ఉబ్బు. పుట్టుకతో ఉన్న మచ్చ మీద కొత్తగా లేచిన గడ్డ. ఎప్పుడో కాలిన పాత మచ్చ మీద లేచిన పుండు. వీటిలో ఏది ఉన్నా, నొప్పి లేదు కదా అని ఆగవద్దు.

తొలిదశలో చూపించుకుంటే బేసల్ సెల్ కార్సినోమాను చాలావరకు చిన్న శస్త్రచికిత్సతోనే పూర్తిగా తీసివేయవచ్చు. బాగా ముదిరి, కోయడానికి వీలులేని వాటికి కూడా 2012లో అమెరికాలో అనుమతి పొందిన విస్మోడెగిబ్ అనే మాత్ర వచ్చింది. దీని వెనుక ఒక గొర్రెల కథ ఉంది. అమెరికాలో ఐడహో ప్రాంతపు కాపరులకు 1950లలో ఒకే కన్నుతో గొర్రెపిల్లలు పుట్టడం పెద్ద బెడద అయింది. కొండల్లో మొలిచే ఒక మొక్కను చూలు గొర్రెలు మేయడం వల్ల ఇలా జరుగుతున్నదని తేలింది. ఆ మొక్కలోని పదార్థం హెడ్జ్‌హాగ్ కబురును అడ్డుకుంటుందని 1998లో బయటపడింది. అదే కబురును అడ్డుకునే మందుల కోసం సాగిన పరిశోధనల ఫలితమే ఈ మాత్ర. గర్భవతులకు ఇది ఎందుకు నిషిద్ధమో ఆ గొర్రెపిల్లల కథే చెబుతుంది. ఈ మందు వాడినవారిలో చాలామందికి జుట్టు రాలిపోతుంది. కంతిని పెంచే కబురూ, వెంట్రుకను పెంచే కబురూ ఒకటేనని దీన్నిబట్టి కూడా తెలుస్తున్నది కదా.

చివరగా మనవాళ్లలో ఉన్న కొన్ని అపోహలు. కంతి ఉన్నవారి దువ్వెన వాడితే కంతి అంటుకోదు. ఈ కంతులు తలనీలాలు ఇవ్వడం వల్ల రావు, ఇవ్వకపోవడం వల్లా రావు. నూనె మార్చినందువల్ల కరగవు. గుండు చేసే ఆయన తల తడిమి, ఇక్కడేదో ఉంది చూపించుకోండి అని చెబితే కోపగించుకోవద్దు. వందల తలలు చూసిన చెయ్యి అది. ఆ రోజున అదెంత ఉందో ఒక నాణెంతో పోల్చి గుర్తు పెట్టుకోండి. నెల తర్వాత మళ్లీ చూడండి. పెరిగినట్టు ఉంటే బళ్లారి బస్సు ఎక్కండి. తీయించుకుంటే మాత్రం, పెద్దదైనా చిన్నదైనా, ఆ ముక్క సీసాలో పరీక్షకు వెళ్లిందో లేదో కనుక్కోకుండా ఇంటికి రావద్దు.